వెనుక బండివాళ్ళు

కంటైనరు యార్డు గేటు ముందు ఉదయంపూట బారులు తీరిన లారీలను చూచినవారికి అదొక సరదా గుంపుగానే తోచవచ్చు. ఒకడు స్టీరింగుకు అద్దం ఆనించి గడ్డం గీసుకుంటాడు. మరొకడు పక్క బండివాడి క్యారేజీలో చేయి పెట్టి తిట్లు తింటాడు. ఆ నవ్వుల నడుమనే ఒక దురాచారం ప్రతిదినమూ ఆ గేటు దాటి లోపలికి పోతున్నదని పైచూపుకు తెలియదు. పాఠకులు ఓపికతో వినవలసినదిగా మనవి. అది ఆ ఒక్క యార్డుకే పరిమితమైన జాడ్యం కాదు.

ఓడనుండి దిగిన ఇనుప పెట్టెను ట్రైలరుపై పట్టి ఉంచేవి మూలలనున్న నాలుగు లాకులు మాత్రమే. అవి బిగించి ఉంటే పెట్టె, బండి ఒకే శరీరం. విప్పితే పెట్టె తన బరువు మీద తాను కూర్చొని ఉంటుంది, అంతే. క్రేను పెట్టెను ఎత్తేముందు లాకులు విప్పక తప్పదు. అయితే విప్పవలసిన చోటు క్రేను కిందనే. అక్కడ దిగి విప్పుతూ కూర్చుంటే వెనుకవారికి ఆలస్యమని, గేటు దాటగానే నాలుగూ విప్పుకొని మిగిలిన దారంతా పెట్టెను అలాగే మోసుకుపోవడం అక్కడి ఆనవాయితీ. నియమం తప్పినవాణ్ణి అక్కడ మందలించేవారు. ఆనవాయితీ తప్పినవాణ్ణి మాత్రం కొట్టేవారు.

ఆ యార్డులో అందరికంటె పాతకాపు అయిన డ్రైవరు ఒకడు తన భార్య తమ్ముణ్ణి అదే పనిలో చేర్పించాడు. కొత్తగా చేరినవారికి యాజమాన్యం భద్రతా శిక్షణ ఇప్పించేది. పాతవారికి అనుభవమే చాలునని వదిలేసేది. శిక్షణ ముగించుకొని వచ్చిన బావమరిదికి తోటివారు వెంటనే ‘మాస్టారు’ అని పేరు పెట్టేశారు.

అతడు మొదటిసారి తనంత తానుగా బండి తీసుకొని బయలుదేరిన ఉదయం, అక్క గుమ్మంలో నిలబడి భర్తతో అన్నది: “వాడు ముందు, నువ్వు వెనక. ఎలా పంపుతున్నానో అలాగే తెచ్చి నాకప్పజెప్పు.”

“నీ తమ్ముడేమైనా గాజు బొమ్మా? పగిలిపోకుండా తెస్తాలే” అని భర్త నవ్వాడు.

గేటు దాటగానే ముందు బండ్లవాళ్ళందరూ దిగి లాకులు విప్పుకున్నారు. మాస్టారు దిగలేదు. బావ తన బండి ఆపి, లాకులు విప్పే ఇనుప రాడ్డు చేతబట్టుకొని వచ్చి తలుపు తట్టాడు.

“ఏరా, నిద్రపోయావా? దిగి విప్పు.”

“క్రేను కింద విప్పుతాను బావా. మధ్యలో మలుపుంది, అక్కడ నేల కుంగిపోయి ఉంది.”

“ఆ మలుపు నీకంటే ముందు పుట్టింది రా! ఇన్నేళ్ళలో ఒక్క డబ్బా పడిందా?”

“పడేదాకా ఆగాలా ఏంటి?”

వెనుక హారన్లు మోగాయి. నలుగురైదుగురు దిగి వచ్చారు. “మాస్టారు గారికి బెల్లు కొట్టాలేమో!” అన్నాడొకడు. “బెల్లెందుకు, వీపుంది కదా” అన్నాడు మరొకడు. నవ్వులోనే పిడికిళ్ళు బిగుసుకున్నాయి.

అప్పుడు బావ మనస్సులో జరిగినది పాఠకులు గ్రహించాలి. పరాయివాళ్ళు చేయి చేసుకొనేలోపు తానే ఒక దెబ్బ వేస్తే వ్యవహారం ఇంటిదిగా ముగిసిపోతుందని అతడు తలచాడు. బావమరిదిని చొక్కా పట్టి కిందికి లాగి, రాడ్డుతో భుజం మీద కొట్టాడు. కాని ఆ దెబ్బ మిగిలినవారికి అనుమతి అయింది. వారు మీద పడ్డారు. ఒకడి పిడికిలికి అతడి పన్ను ఊడింది. ఒకడి బూటు పక్కటెముకలలో దిగింది. ఎవడో తలను బండి మెట్టుకేసి మోదగా ఎడమ కనుబొమ్మ చీలి, రక్తం ఆ కన్ను మూసివేసింది.

“చాలు! మా ఇంటి పిల్లాడు రా, చాలు!” అని అరుస్తూ బావ అడ్డుపడి, ఆ కోపం చల్లారడానికని తానే నాలుగు లాకులూ టకటకా విప్పేశాడు. గుంపు బావమరిదిని ఎత్తి సీటులో కుదేసింది.

“బావా, ఎడమవైపు కనబడ్డం లేదు” అన్నాడతడు.

“నేను పక్కనే నడుస్తాగా. మెల్లగా పోనీ.”

వెనుక హారన్లు మెల్లగా పోనీయలేదు. ఎవడో తలుపు మీద దబదబ బాదాడు. బెదిరిన కాలు యాక్సిలరేటరును తొక్కింది. బండి కుడికి తిరిగే మలుపులో ఎడమ చక్రాలు గుంటలో దిగాయి. పెట్టె లోపలి సరుకు ఒక్కసారిగా ఒరిగింది. ఇనుము ఇనుమును కోసినట్లు కీచుమన్నది. పెట్టె ట్రైలరును విడిచి, ఎడమ పక్కన నడుస్తున్న బావ మీదికి వాలింది. అతడు వెనక్కు దూకాడు. కుడికాలు మాత్రం దూకలేదు. మోకాలి కింద ఎముకలు నలిగిన చప్పుడు వెనుక బండ్లవరకు వినిపించింది.

కొట్టిన చేతులే రాడ్లు దూర్చి పెట్టెను లేపబోయాయి. అది కదలలేదు. బావమరిది పాకుతూ వచ్చి, తన చొక్కా చించి బావ తొడకు గట్టిగా కట్టాడు. అదికూడా శిక్షణలో నేర్చినదే. చివరకు క్రేను వచ్చి పెట్టెను ఎత్తింది. లాకులన్నీ విప్పే ఉన్నవి గనుక ఎత్తడం తేలికగానే జరిగింది.

ఆస్పత్రిలో రెండు మంచాల మధ్య నిలబడిన ఆ ఇల్లాలికి ముందు ఎవరి చేయి పట్టుకోవాలో తెలియలేదు. తమ్ముడి ముఖం చూచి, “డబ్బా నీమీద పడలేదన్నారు. మరి ఈ దెబ్బలేంటి రా?” అని అడిగింది.

“కింద పడ్డానక్కా.”

“అబద్ధం” అన్నాడు భర్త పక్క మంచం మీదినుండి. కాలు ఉండవలసిన చోట దుప్పటి చదునుగా ఉన్నది. “నేనే కొట్టాను. మొదటి దెబ్బ నాదే.”

ఆమె తడిగుడ్డతో తమ్ముడి నోటి రక్తం తుడిచి, అదే గుడ్డను భర్త చేతిలో పెట్టి, “మిగతాది నువ్వు తుడువు” అని బయటకు వెళ్ళిపోయింది.

ఆ తరువాత ఆ యార్డులో శిక్షణ మొదలయ్యే ప్రతిసారీ చంక కర్రలతో ఒక మనిషి వచ్చి ముందు నిలబడేవాడు. అతడి పట్టు మీదనే ఆ గదిలో పాతవారందరినీ కూర్చోబెట్టారు. మొదటిరోజున వెనుక బెంచీలో ఎవడో ఆవలించి, “మాకిప్పుడు కొత్తగా ఏం నేర్పుతావన్నా?” అన్నాడు.

“లాకు విప్పడం మీకు నేర్పక్కర్లేదు, ఆగడం నేర్పాలి” అన్నాడతడు. “మా బావమరిదికి పాఠం బాగానే చెప్పారు. వాడు బాగానే నేర్చుకున్నాడు. కానీ వాడి వెనక బండిలో నేనున్నాను, నాకెవరూ చెప్పలేదు. ముందున్నవాడు జాగ్రత్తగా దిగి పని చేసుకుంటుంటే హారను మీద చెయ్యి వెయ్యకుండా కూర్చోవడం మనం నేర్చుకోవాలి. అది మనకి రానంతకాలం, వాడొక్కడు ఎంత నేర్చుకున్నా వాడి ప్రాణం మన చేతుల్లోనే ఉంటుంది.”