భుజాలు మారిన శాలువా

నేను ఒక శాలువాను. చలికి కప్పుకునే శాలువాను కాను, ఆ అదృష్టం నాకు లేదు. సభల్లో కప్పే రకాన్ని. మైకులో పట్టు శాలువా అంటారు గాని నాలో వెతికినా పట్టుపోగు దొరకదు. ఎక్కడో ఉత్తరాదిలో మరమగ్గం మీద పుట్టాను. నా జరీ అంచు ఫోటోలో మెరుస్తుంది, మెడకు తగిలితే గీరుకుంటుంది.

మొదట నన్ను ఒక డాక్టరుగారికి కప్పారు. ఆయన భార్య నన్ను మళ్ళీ కవర్లో దోపి, కలరా ఉండలు వేసి బీరువాలో పెట్టింది. ఆమెను తప్పు పట్టను, అప్పటికే ఆ అర నిండా మా వాళ్ళే. డాక్టరుగారు నన్ను ఒక హెడ్మాస్టరుకు కప్పారు. హెడ్మాస్టరు ఊళ్ళోని సాహితీ సమితి కార్యదర్శి కోటిలింగానికి కప్పాడు. మనుషులు అతిథికి ఎంగిలి అన్నం పెట్టరు. ఎంగిలి గౌరవం మాత్రం నిస్సంకోచంగా వడ్డిస్తారు.

కోటిలింగం నన్ను ఇస్త్రీ చేయించి కవి కామేశంగారి సన్మానానికి తెచ్చాడు. కామేశంగారికి గొంతులో జబ్బు. మర్నాడే ఆపరేషను. ఆ తరవాత మాట నిలుస్తుందని చెప్పలేమన్నారు డాక్టర్లు. అందుకే సన్మానం లేకపోయినా ఫరవాలేదు, కొత్తగా కట్టిన కవిత ఒక్కటి నా గొంతుతో చదవనివ్వండి అని అడిగి మరీ వచ్చారాయన.

వక్తలందరూ ఆయన కవిత్వంలో జీవితసారం ఉందన్నారు. ఒక్కరికీ ఒక్క పాదం నోటికి రాలేదు. ముఖ్య అతిథి తన చిన్ననాటి కష్టాలు చెప్పుకున్నాడు. చివరికి కామేశంగారు మైకు వైపు లేచేసరికి కోటిలింగం అడ్డం వచ్చాడు.

"గురువుగారూ, హాలు టైమైపోయిందండి. పెళ్ళివాళ్ళు కుర్చీలు లాగేసుకుంటన్నారు."

"రెండు నిమిషాలు బాబూ."

"మీ కవిత్వం ఎక్కడికి పోద్దండీ! పుస్తకంలో ఏసేద్దాం."

అప్పుడే ఫోటోగ్రాఫరు అరిచాడు. "సార్, పెద్దాయన కళ్ళు మూసేశారండి. శాలువా ఇంకోసారి కప్పాలి."

దానికి టైముంది! ముఖ్య అతిథి వెనక్కి వచ్చాడు, అందరూ వరసగా నిలబడ్డారు, నన్ను తీసి మళ్ళీ కప్పారు. నా అంచు కిందే ఆయన గొంతు కదులుతోంది. లోపల మాట ఉంది, బయటికి దారి లేదు. దారికి అడ్డంగా పరిచింది నన్నే. నాకు చేతులుంటే ఆ మైకు ఆయన నోటి దగ్గర పెట్టేదాన్ని.

ఆపరేషను తరవాత ఆయన మళ్ళీ మాట్లాడలేదు. చలికాలం వెళ్ళకముందే పోయారు.

కోటిలింగం దండతో వచ్చాడు, వెంట అదే ఫోటోగ్రాఫరు. కామేశంగారి భార్య సుభద్రమ్మగారు ఆయన తల దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు.

"అమ్మా, ఆ రోజు మేం కప్పిన శాలువా ఉందాండి? గురువుగారికి కప్పి ఒక ఫోటో తీస్తే పేపర్లో నిండుగా ఉంటది."

ఆవిడ లేచి నన్ను తెచ్చారు. తెచ్చి, కోటిలింగం భుజాల మీద కప్పారు.

"అయ్యో, నాకెందుకండీ..."

"ఉండండి. రెండు నిమిషాలు కదలకండి. ఆయన ఏది కట్టినా వంటింట్లో ముందు నాకే వినిపించేవారు. ఆ రోజు మీరు చదవనివ్వనిది ఇదే."

ఏడుపు లేని గొంతుతో చదివారు:

*గుడిలో దీపం వెలిగించి వస్తున్నావు.*
*దారిలో, చీకట్లోంచి ఎవరో పిలిచారు.*
*నూనె అయిపోయిందన్నావు.*
*పిలిచింది ఎవరో చూసుకోలేదు.*

ఫోటోగ్రాఫరు కెమెరా దించేశాడు. కోటిలింగం మెడకు చెమట పట్టింది, నాకు తెలుసు.

అతను మారి ఉంటాడనుకుంటున్నారా? గేటు దాటగానే నన్ను తీసి నాలుగు మడతలు పెట్టాడు. అలవాటు పడిన చేతులు, మడత ఎంతో చక్కగా కుదిరింది.

ఇప్పుడు అతని బీరువాలో ఉన్నాను. వచ్చే ఆదివారం సంస్మరణ సభట. ముఖ్య అతిథికి నన్నే కప్పుతారట. కప్పనివ్వండి. నాకున్నది ఒక్క జరీ అంచు. మెడ మీద గట్టిగా గీరతాను.