బోర్డు పోయిందండీ

దెబోరా లాప్‌టాప్ మూత అంచున ప్లాస్టిక్ రేకు దూర్చి మెల్లగా తిప్పింది. టక్కుమని తెర చుట్టూ ఉన్న చట్రం లేచింది. దాంతోపాటు లోపలి వాసనా లేచింది. ముక్కిన నూనె, ఎండిన పాలు, తలవెంట్రుకలు. మాస్కు మీదుగానే ముక్కు నొక్కుకుని కాసేపు తల పక్కకు తిప్పుకుంది.

అమెరికాలోని ఇర్వింగ్‌లో ఇండియన్ గ్రాసరీ పక్కనున్న ఆ రిపేరు షాపులో, వెనకగదిలో, ఇన్నేళ్లుగా ఆమె చేస్తున్నది ఇదే పని. జనం ఎంత శుభ్రంగా ముస్తాబై వచ్చినా వాళ్ల లాప్‌టాపుల్లో గోళ్లముక్కలుంటాయి, మిక్చర్ పలుకులుంటాయి. ఒకసారి బొద్దింకలు పిల్లాపాపలతో కాపురమే పెట్టాయి. కాకినాడ మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసిన ఆమె తల్లి ఎవరి మలమూత్రాలనూ చూసి ఛీ అన్న మనిషి కాదు. కూతురికి మాత్రం ఆ వార్డు గుమ్మంలోనే వాంతయ్యేది. పెళ్లయి భర్త లెవితో అమెరికా వచ్చాక పని చేసే అనుమతి లేక ఏళ్లకేళ్లు ఇంట్లో కూర్చుంది. ఊసుపోక పాత లాప్‌టాపులు విప్పదీసి, బిగించి నేర్చుకుంది. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక దొరికిన మొదటి ఉద్యోగంలోనే ఉండిపోయింది.

ఈ లాప్‌టాప్ రేష్మ అనే అమ్మాయిది. ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఉద్యోగం పోయింది, వీసా గడువు దగ్గరపడింది.

"ఆంటీ, మధ్యాహ్నం ఇంటర్వ్యూ ఉంది. ప్రిపేర్ అయిందంతా ఇందులోనే ఉంది. ఆన్ అవుతోంది కానీ స్క్రీన్ మొత్తం బ్లాక్," అంది ఇచ్చేటప్పుడు.

దెబోరా ముందే బ్రైట్‌నెస్ మీటలు నొక్కి చూసింది. వేరే మానిటర్‌కి తగిలిస్తే బొమ్మ చక్కగా వచ్చింది. నల్లగా ఉన్న తెర మీద టార్చి ఏటవాలుగా వేస్తే ఐకాన్లు మసకమసకగా కనిపించాయి. అంటే బొమ్మ ఉంది, దాని వెనక వెలగాల్సిన లైటే లేదు.

షాపు ఓనరు నీరజ్ తలుపు సందులోంచి తొంగిచూశాడు.

"ఎందుకాంటీ అంత టైమ్ వేస్ట్? బోర్డు పోయిందని చెప్పేయండి. మన సెకండ్‌హ్యాండ్ పీస్ ఒకటి సేల్ చేసేద్దాం."

ఆ మాట ఆమె చాలామందికి చెప్పింది. ఆమె వయసు, జుట్టు ముడి, ఆదివారం చర్చిలో పలకరించే ముఖం చూసి జనం నమ్మేవారు. ఆ సంగతి నీరజ్‌కీ తెలుసు. సాయంత్రం ఇంటికెళ్లి చేతులు ఎర్రబడేదాకా తోముకునేది. ఏ మురికి పోవడానికని లెవి ఎప్పుడూ అడగలేదు.

ఈసారి ఆమె బ్యాటరీ తప్పించి, మడతబందు దగ్గర తెరకు వెళ్లే వైరును పట్టకారుతో లాగింది. మూత తెరిచీ మూసీ, తెరిచీ మూసీ వైరు ఒరుసుకుపోయింది. తుక్కు పెట్టెలో అదే మోడల్‌ది ఒకటుంటే దాని వైరు తీసి వేసింది. బ్యాటరీ పెట్టి మీట నొక్కగానే తెర చటుక్కున వెలిగింది.

ముందు గదిలోకి తెచ్చి చూపించగానే రేష్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీలాంటి హానెస్ట్ పీపుల్ ఎక్కడున్నారాంటీ ఈ రోజుల్లో?"

దెబోరా చేతులు లాక్కుంది. అంతదాకా అణుచుకున్న వాంతి ఆ మెచ్చుకోలుకి గొంతుదాకా వచ్చింది. తన లోపలున్నంత రోత ఏ లాప్‌టాప్ లోపలా చూడలేదనిపించింది.

రేష్మ వెళ్లగానే నీరజ్ నవ్వాడు. "ఇవాళ ఛారిటీనా ఆంటీ? పర్లేదు, నెక్స్ట్ వాళ్ల దగ్గర లాగేద్దాం."

ఆ నెక్స్ట్ మనిషి రాఘవులు. గ్రాసరీలో సరుకులు సర్దే పెద్దాయన. సంచిలోంచి లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టాడు. తెర నల్లబడిందన్నాడు. నీరజ్ మూత ఎత్తి, దించేశాడు.

"బోర్డు పోయిందండీ. ఇంక లాభం లేదు."

రాఘవులు అతణ్ణి వదిలి దెబోరా వైపు తిరిగాడు. "నిజమేనా అమ్మా?"

నీరజ్ కూడా ఆమెనే చూస్తున్నాడు. ఎప్పుడూ ఊపే తలే, ఊపితే చాలు.

"నేను చూడలేదండీ," అంది దెబోరా. "ఈయనా చూడలేదు. చూడకుండానే చెబుతున్నాడు. నేనూ ఇన్నాళ్లూ అలాగే చెప్పాను. ఇంకోచోట చూపించుకోండి."

"ఆంటీ!" అన్నాడు నీరజ్.

పెద్దాయన లాప్‌టాప్‌ని మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. దెబోరా వెనక్కి వెళ్లి, చేతులు కడుక్కుని, హ్యాండ్‌బ్యాగ్ తగిలించుకుని బయటికి నడిచింది. నీరజ్ ఏదో అంటూ గుమ్మందాకా వచ్చాడు. ఆమె కారు స్టార్ట్ చేసింది.

హైవే ఎక్కాక కూడా నోట్లో చేదు పోలేదు. లెవికి ఏం చెప్పాలో తోచలేదు. చాలా దూరం వెళ్లాక కడుపు కాలింది. ఇంత రోతలోనూ ఆకలవుతోందని ఆమె ఆశ్చర్యపోయింది. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. వెనక్కి తిరగలేదు.

షాపు ఫ్రిజ్‌లో, నీరజ్ కూల్‌డ్రింకు డబ్బాల మధ్య, మూత మీద ఆమె పేరు చెక్కిన స్టీలు క్యారేజీలో అన్నం, ఎండునెత్తళ్ల కూర చల్లగా అలాగే ఉన్నాయి.