టెంక పగిలిన పండు

బెల్టు మీద పీచ్‌పళ్లు దొర్లుకుంటూ వస్తున్నాయి. హసింతా చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. తొడిమ దగ్గర గుంట కాస్త నోరు తెరిచినట్టుంటే లోపల టెంక పగిలిందన్నమాట. అలాంటి పండును పక్క డబ్బాలోకి తోసేయాలి. కాలిఫోర్నియా పళ్లతోటల మధ్య ఉన్న ఆ షెడ్డులో పెళ్లి కాకముందు నుంచీ ఆమె పని ఇదే. వేళ్లు మొద్దుబారాయి. పళ్ల నూగుకి మెడంతా కందిపోయింది. బెల్టు ఎత్తుకి వంగి వంగి నడుము అలాగే ఉండిపోయింది.

ఏ దెబ్బా తగలని పండులో, మెత్తని కండ మధ్య, అంత గట్టి టెంక ఎందుకు పగులుతుంది? ఈ సంగతి ఆమెను ఏళ్లుగా తొలిచేస్తోంది. మేస్త్రీ ఎఫ్రయీన్‌ని అడిగితే దేవుణ్ణడగమన్నాడు. చర్చిలో ఫాదర్‌ని అడిగితే మేస్త్రీనడగమన్నాడు. ఊరి కాలేజీలో పళ్లచెట్ల గురించి ఒక క్లాసుందని విన్నది మొదలు ఆమె మనసంతా అక్కడే ఉంది. అయితే అందులో చేరాలంటే ముందు పునాది లెక్కల క్లాసు గట్టెక్కాలి.

"ఇవాళేనా మళ్లీ చేరేది?" పక్కన నిలబడ్డ చెలో అడిగింది. "ఇన్నేళ్లయింది, లెక్కల్లో ఆ ఎక్స్ గారెవరో ఇంకా తేలలేదా అక్కా?"

"తేలేలోపే ద్రాక్ష కోతలు నెత్తినపడుతున్నాయిగా! ఈసారి మేస్త్రీకి ముందే చెప్పేశా, సాయంత్రాలు పనికి నన్ను అడగొద్దని."

"తేలాక నాకూ చూపించు. పెళ్లికొడుకులా ఊరిస్తున్నాడు!"

మూడేళ్లుగా ప్రతి ఏడూ అంతే. ద్రాక్ష మొదలైతే షెడ్డులో పొద్దుపోయే దాకా పని. అప్పుడు హసింతా శుభ్రంగా జుట్టు దువ్వుకుని మాస్టారి దగ్గరికి వెళ్లి, ఇదీ సంగతని చెప్పి, క్లాసు మానుకునేది. షెడ్డు పద్ధతి అది. చెప్పి వెళ్లినవాళ్లకి మేస్త్రీ మరుసటి ఏడు బెల్టు దగ్గర అదే చోటు ఉంచుతాడు. చెప్పకుండా మాయమైనవాళ్లకి గేటు కూడా తీయడు. కాలేజీ దగ్గరా తను ఏనాడూ మర్యాద తప్పలేదని ఆమెకు లోలోపల గర్వం.

మధ్యాహ్నం పని దిగి బస్సులో కాలేజీకి వెళ్లింది. అడ్మిషన్ల గదిలో మిస్ బెడ్రోసియన్ అనే అమ్మాయి కంప్యూటర్ వంక చూసి, ఇంకోసారి చూసి, కుర్చీ ముందుకు లాక్కుంది.

"హసింతా గారూ, కుదరదండీ. ఈ క్లాసు మూడుసార్లకి మించి తీసుకోనివ్వరు. మీకు అయిపోయాయి."

"అయిపోవడమేంటమ్మా? ఒక్కసారీ చివరిదాకా కూర్చోలేదు నేను. ఫెయిలూ కాలేదు. ప్రతిసారీ చెప్పే వెళ్లాను!"

"మధ్యలో మానేసినా ఒకసారి కిందే లెక్కండి. చెప్పినా, చెప్పకపోయినా."

"మరి... చోటు ఉంచరా?"

"ఏ చోటండీ?"

ఆ పిల్లకి అర్థం కాలేదు. జబ్బు చేసి మానితే పైవాళ్లని బతిమాలుకోవచ్చట, కూలిపనికైతే వినరట. ఇంకో కాలేజీ ఉందిగానీ, అక్కణ్నుంచి సాయంత్రం తిరుగు బస్సు లేదు. హసింతాకి ఏడుపొచ్చింది. అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది. తన మర్యాదే తన చోటును మింగేసింది.

లేవబోయి ఆగింది.

"పోనీ ఒక్కటి చెప్పమ్మా. ఆ చెట్ల క్లాసులో టెంక ఎందుకు పగులుతుందో చెబుతారా?"

"టెంకా?"

మాస్టారికి చూపించి అడుగుదామని సంచిలో తెచ్చిన పీచ్‌పండు తీసి బల్ల మీద పెట్టింది హసింతా. "ఇదిగో, ఈ తొడిమ దగ్గర చూడు. లోపల టెంక రెండు ముక్కలై ఉంటుంది. మిగతా పండు మీద చిన్న గీత కూడా ఉండదు."

"నిజంగానా? ఎందుకలా?"

"అదేగా నేనడిగేది!"

ఆమెకు నవ్వొచ్చేసింది. ఇన్నేళ్లలో 'ఎందుకలా' అని తిరిగి అడిగిన మొదటి మనిషి ఈ పిల్లే. ఆ మాటకి ప్రాణం కాస్త తేలికపడింది.

"ఉంటానమ్మా. రేపటి నుంచి సాయంత్రాలు కూడా వస్తానని మేస్త్రీకి చెప్పుకోవాలి," అంది. పండును బల్ల మీదే వదిలేసి, ఎప్పటిలాగే చెప్పి మరీ బయటికొచ్చింది.

బస్సు కోసం నడుస్తూ అద్దాల తలుపులోంచి వెనక్కి చూసింది. తరువాత వచ్చిన కుర్రాడు కాగితాలు చాపి నిలబడే ఉన్నాడు. మిస్ బెడ్రోసియన్ అతన్ని చూడటం లేదు, రసం కారుతున్న వేళ్లు గాల్లోనే ఉంచి బల్ల మీదికి వంగింది. అక్కడ విప్పిన పండు మధ్యలో, తేనెరంగు జిగురు పట్టి, రెండు ముక్కలైన టెంక.