కొలత తప్పిన మాస్టారు

టైలర్ మాస్టారికి రెండు గట్టి నమ్మకాలున్నాయి. ఒకటి, తన కత్తెర ఇంకెవరూ ముట్టుకోకూడదు. రెండోది, తెలియదని అడిగితే లోకువైపోతాం. ఈ రెండోదే ఆయన కొంప ముంచబోయింది.

ఆయనకు హెచ్ఐవీ ఉందని తెలిసి ఆరేళ్లయింది. భార్యకు పరీక్ష చేయిస్తే లేదని తేలింది. కొత్తలో ఇద్దరూ ఏడవాల్సిందేదో ఏడ్చేశారు. తర్వాత ఆయన రోజూ పొద్దున్నే ఒక మాత్ర మింగి, చొక్కాలు కుట్టుకుంటూ బండి లాగిస్తున్నారు. ఆసుపత్రిలో రక్తం తీసినప్పుడల్లా ఒక అంకె చెప్పేవారు. మొదట్లో నూట ఎనభై, తర్వాత మూడువందల పది, పోయినసారి ఐదువందల నలభై. "పెరుగుతోంది, బావుంది" అనేది సిస్టర్. అంకె పెరిగితే మంచిదన్న మాట ఆయన బుర్రలో నాటుకుపోయింది.

ఈసారి ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీలోంచి కొత్త మాత్రల సీసా, ఒక చీటీ ఇచ్చారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. వెనకవాళ్లు తోసుకొస్తున్నారు. బయటికొచ్చి చూసుకుంటే, చిన్న అక్షరాల్లో ఏవో పొడుగాటి మాటలు, వాటి పక్కన "ఇరవై కంటే తక్కువ" అని ఉంది. ఐదువందల నలభై ఎక్కడ, ఇరవై ఎక్కడ! వెనక్కి వెళ్లి ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఆయన అడిగితేగా!

మాత్రలు పనిచెయ్యడం మానేశాయని తనే తేల్చేసుకున్నారు. పనిచెయ్యని మందు మింగడం దేనికని మర్నాటినుంచి మానేశారు. భార్యని పిలిచి కత్తెర చేతిలో పెట్టారు.

"కాలర్ కత్తిరించడం నేర్చుకో."

ఆవిడ కత్తెరవైపు, ఆయనవైపు మార్చి మార్చి చూసింది. పాతికేళ్ల కాపురంలో ఆ కత్తెరతో దారం తెంపినా ఇంతెత్తున లేచే మనిషి.

"ఒంట్లో బాగానే ఉందా మీకు?"

"నేర్చుకోమంటే నేర్చుకోవే. ఎప్పుడేమవుతుందో ఎవరికి తెలుసు."

మూడు రోజులు నేర్పారు. ఒక్క తిట్టు లేదు. ఆవిడ గుడ్డ పాడుచేస్తే "పర్లేదులే" అన్నారు. ఆ మాట వినేసరికి ఆవిడకి నిజంగా భయం పట్టుకుంది. నాలుగో రోజు పొద్దున్నే వెతికితే బొత్తాల డబ్బా వెనక మాత్రల సీసా దొరికింది. సీలు కూడా తియ్యలేదు. దాని కింద చీటీ ఉంది.

"ఏంటండీ ఇది?"

చెప్పక తప్పలేదు. ఆవిడ ఏడవలేదు, చెప్పులేసుకుంది.

"లేవండి. అడగడానికి మీకు నామోషీ అయితే నేనడుగుతా."

ఆసుపత్రిలో సిస్టర్ చీటీ చూసింది, మాస్టారి మొహం చూసింది.

"ఇది చూసి మందు మానేశారా? నడుము కొలత చూసి చెయ్యి పొడవనుకుని చొక్కా కుడతారా మాస్టారూ?"

"అదెలా కుదురుతుందమ్మా?"

"మీరు చేసిందదే. ఆ ఐదువందల నలభై, మీ ఒంట్లో జబ్బుల్ని తట్టుకునే కణాల లెక్క. అది పెరగాలి. ఇది వైరస్ లెక్క. ఇది తగ్గాలి. ఇరవై కంటే తక్కువంటే మా మిషన్ కూడా లెక్కపెట్టలేనంత తక్కువ. ఇంతకంటే మంచి రిపోర్టు ఉండదు. మందు బ్రహ్మాండంగా పనిచేస్తోంది."

మాస్టారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. నవ్వబోయారు, ఏడుపొచ్చింది. నాలుగు రోజులుగా గుండెలమీద మోస్తున్న బరువంతా ఆ కుర్చీలోనే దిగిపోయింది.

"తప్పు మాది కూడా," అంది సిస్టర్. "ఇది వేరే పరీక్షని చెప్పకుండా చీటీ చేతిలో పెట్టి పంపేశాం."

"మానేసినవన్నీ కలిపి ఇప్పుడు వేసుకోనా?" జీవితంలో మొదటిసారి ఆయన తనంతట తాను అడిగారు.

"వద్దు, రోజులాగే ఒక్కటి. ఇక మానొద్దు. కొన్ని వారాల్లో మళ్లీ పరీక్ష చేద్దాం."

పక్కనున్న భార్య అందుకుంది. "మరి నాకు అంటుకోవడం సంగతి?"

"రోజూ మందు వేసుకుంటూ లెక్క ఇలాగే నిలిస్తే, కాపురం వల్ల మీకు అంటుకోదమ్మా. మధ్యలో మానేశారు కాబట్టి మళ్లీ పరీక్ష అయ్యేదాకా నిరోధ్ వాడి జాగ్రత్తగా ఉండండి. ఒక గదిలో పడుకోవడం, ఒక కంచంలో తినడం, వీటికి మాత్రం ఏనాడూ భయం లేదు. ఎవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు, వీళ్లూ అడగలేదు. ఆరేళ్లుగా మాస్టారు ముందుగదిలో, కుట్టుమిషన్ పక్కన పడుకుంటున్నారు. ఆవిడకి ఎక్కడ అంటుతుందోనని ఆయన భయం. తనమీద విసుగు పుట్టిందేమోనని ఆవిడ దిగులు. ఇద్దరూ నోరు విప్పితేనా!

ఇంటికొచ్చాక ఆయన మాత్ర వేసుకుని మిషన్ ముందు కూర్చున్నారు. ఆవిడ ఆయన దిండూ దుప్పటీ చంకన పెట్టుకుని లోపలిగదివైపు నడిచింది.

"ఎక్కడికవి?"

"లోపలికి. ఆరేళ్లుగా నిద్రపట్టక చస్తున్నా. ఒక్కమాట అడిగుంటే ఏం పోయేదండీ?"

మాస్టారు మిషన్ వదిలేసి, చాప చుట్టి పట్టుకుని ఆవిడ వెనకే వెళ్లారు.