తుప్పు గీకని బోల్టు

ఆ పాత పికప్ బండి లైట్ల జబ్బేమిటో ఎలక్ట్రీషియన్‌కి మొదటి రోజు అయిదు నిమిషాల్లోనే తెలిసిపోయింది. తెలియలేదని ఎవరైనా అంటే అది ఆయన పనితనానికే అవమానం. ముప్పై ఏళ్ళుగా బండ్ల వైరింగు తప్ప మరో లోకం ఎరగని మనిషి. బ్యాటరీ నుంచి విడిగా ఒక వైరు లాగి హెడ్‌లైట్ల ఎర్త్‌కి తగిలించగానే, అంతదాకా నిద్రమొహం వేసుకుని ఉన్న లైట్లు రెండూ భగ్గుమని షాపు వెనక గోడను వెలిగించాయి. అంటే బల్బుల తప్పు కాదు, స్విచ్చు తప్పూ కాదు. ఎర్త్ వైరును బాడీకి పట్టించిన బోల్టు కింద తుప్పు చేరింది. బోల్టు విప్పి, గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి, మళ్ళీ బిగిస్తే సరి. చిటికెలో పని.

ఆ చిటికెలో పనిని ఆయన ఎనిమిది నెలలు లాగాడు.

ఆయన బాధ ఆయనది. కొత్త బండ్లన్నీ కంప్యూటర్లున్న పెద్ద షోరూములకే పోతున్నాయి. షాపులో పలకరించే దిక్కు లేదు. భార్య పోయి నాలుగేళ్ళయింది. ఇంట్లో రేడియోకి జవాబులు చెప్పే స్థితికి వచ్చాడు. వార్తలు చదివే అమ్మాయి నమస్కారం అంటే తనూ "నమస్కారమమ్మా" అనేవాడు. అలాంటివాడి దగ్గరికి ఆ రోజు కుండీలాయన వచ్చాడు. మొక్కలూ మట్టి కుండీలూ పికప్‌లో వేసుకుని వీధి వీధీ తిరిగి అమ్మే మనిషి, అందుకే ఆ పేరు. ఖాళీ బ్యాటరీ డబ్బా మీద చతికిలబడి, ఏ మొక్క ఎందుకు అలిగిందో, ఏ ఇల్లాలు ఎంత గీచి గీచి బేరమాడిందో చెప్పుకుంటూ పోయాడు. తల్లిలా పెంచిన అక్క గురించీ చెప్పాడు. మూడు గంటల దూరంలో ఉందట. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక ఎలక్ట్రీషియన్ రేడియో పెట్టలేదు.

బోల్టు బిగించాడు గానీ తుప్పు గీకలేదు. గరుకు కాగితం చేతికి అందలేదని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. అబద్ధమెందుకు, కాగితం పక్క సొరుగులోనే ఉంది.

రెండు వారాలకు లైట్లు మళ్ళీ మసకబారాయి, కుండీలాయన మళ్ళీ వచ్చాడు. ఆ రోజు నెపం ఫ్యూజుల మీదికి పోయింది. తర్వాతిసారి రిలే, ఆ తర్వాత స్విచ్చు. ఒక్కో మంగళవారం ఒక్కో భాగాన్ని విప్పి, తుడిచి, తీరిగ్గా బిగించేవాడు. వాళ్ళ కబుర్లకు అంతు ఉండేది కాదు. చివర్లో ఎర్త్ బోల్టును ఓ అర చుట్టు తిప్పేవాడు, మరో రెండు వారాలు వెలిగేటంత. పైగా జాగ్రత్తలొకటి.

"పాత బండి కదన్నా, నమ్మలేం. చీకటి పడ్డాక మాత్రం బయటికి తియ్యకండి."

"నువ్వు చెప్పాక ఇంకేముంది తమ్ముడూ," అనేవాడు కుండీలాయన.

ఒకసారి మూడు వారాలు గడిచినా ఆయన రాలేదు. నాలుగో మంగళవారం వచ్చాడు, ఖాళీ బండితో. డబ్బా మీద కూర్చోలేదు.

"బండి తుక్కుకి ఇచ్చేస్తున్నా తమ్ముడూ. తుక్కువాడు రేపొచ్చి పట్టుకుపోతానన్నాడు. నీకో మాట చెప్పి పోదామని."

"అదేంటన్నా, ఉన్నట్టుండి?"

"అక్క పోయింది." ఆయన బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "సాయంత్రం ఫోనొచ్చింది, నన్నే కలవరిస్తోందని. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. బండి తీస్తే సగం దారిలోనే చీకటి పడుతుంది. నువ్వు వద్దన్నావు కదా. తెల్లారగట్ల బయల్దేరి వెళ్ళాను. అప్పటికే అంతా అయిపోయింది. చివరి చూపు దక్కలేదు."

ఎలక్ట్రీషియన్ చూపు ఎర్త్ బోల్టు మీదికి పోయింది.

"నిన్నేం అనట్లేదయ్యా," అన్నాడు కుండీలాయన, అతని మొహం చూసి. "నువ్వు పడ్డ కష్టం నాకు తెలీదా? నీ చేతికే లొంగలేదంటే దీని పనైపోయినట్టే."

"ఒక్క పది నిమిషాలు ఆగండన్నా."

సొరుగు లాగి గరుకు కాగితం తీశాడు. బోల్టు విప్పాడు. గీకుతుంటే ఎర్రటి పొడి వేళ్ళ మీద రాలింది. చెప్పెయ్యాలి అనుకున్నాడు. మొదటి రోజే తెలుసన్నా, మీరు మళ్ళీ రావాలని ఇలా చేశాను అని ఉన్నదున్నట్టు చెప్పెయ్యాలి. తిట్టనీ, కొట్టనీ. మాటలన్నీ వరసలో పేర్చుకుని బోల్టు బిగించి, లైట్లు వేశాడు.

వెనక గోడ మీద రెండు గుండ్రటి వెలుగులు సమానంగా, తెల్లగా పడ్డాయి. ఇంజను ఆపినా, ఆన్ చేసినా చెక్కు చెదరలేదు.

"ఈ జబ్బు ఎక్కడ దాక్కుందయ్యా ఇన్నాళ్ళూ!" కుండీలాయన అతన్ని అమాంతం కౌగిలించుకున్నాడు. "బండి అమ్మను. అక్క పోయాక నాకంటూ నువ్వొక్కడివే మిగిలావురా తమ్ముడూ. ఇక లైట్లు బాగున్నా సరే వస్తాను. ఊరికే వచ్చి కూర్చుంటాను."

ఎనిమిది నెలలుగా ఎలక్ట్రీషియన్ ఎదురుచూసింది ఈ ఒక్క మాట కోసమే. పేర్చుకున్న మాటలన్నీ మింగేశాడు.

"బోల్టు కింద దొరికిందన్నా," అన్నాడు, అంతే.

తర్వాతి మంగళవారం వీధి మొదట్లో ఆ ఇంజను చప్పుడు వినగానే ఎలక్ట్రీషియన్ లేచి షట్టర్ కిందికి లాగేశాడు. జానెడు సందు మిగిలింది. పనిబల్ల పక్కన నేల మీద కూర్చుని మోకాళ్ళు దగ్గరికి తీసుకున్నాడు. బండి ఆగింది. సందులోంచి కుండీలాయన చెప్పులు కనిపించాయి.

"తమ్ముడూ!" అని షట్టర్ మీద రెండుసార్లు తట్టాడాయన. కాసేపు ఆగి మళ్ళీ తట్టాడు.

లోపల ఎలక్ట్రీషియన్ ఊపిరి బిగబట్టాడు.

"పాపం, ఒంట్లో బాగోలేదేమో," అని తనలో తను అనుకుంటూ కుండీలాయన వెళ్ళిపోయాడు.