ఆయిలెక్కడికి పోతోంది?

నా మొగుడు అబద్ధం చెప్పగలడేమోగానీ, అతని కారు చెప్పలేదు. దాని బాగోగులు చూసేది నేనే. మా నాన్న దగ్గర పని నేర్చుకుని, ఆయన తర్వాత ఈ మెకానిక్ షెడ్డు నడుపుతున్నదాన్ని.

ఆ కారులో ఆయిల్ తగ్గుతోంది. పోసి నెల తిరక్కుండానే సగానికి దిగింది. కింద చుక్క కారలేదు, వెనక పొగ రాలేదు. అంటే వేడికి ఆవిరై, గొట్టంలోంచి ఇంజను పీల్చే గాలిలో కలిసిపోతోందన్నమాట. అనుమానం తీరక ఇంజను పైభాగం విప్పాను. గాలి లోపలికి వెళ్ళే వాల్వుల వెనక, మాడిన మూకుడు అడుగులా నల్లటి చెక్కు! ఈ రకం ఇంజన్లో పెట్రోలు నేరుగా లోపల పడుతుంది, వాల్వుల్ని తడపదు. ఆయిల్ ఆవిరికి పట్టిన మసి పట్టినట్టే ఉంటుంది.

మీటరు చూస్తే బండి తిరిగింది బహు తక్కువ. ఇల్లు, ఆఫీసు, అంతే. మరి ఇంత మసి ఎలా పట్టింది? ఎక్కడో నిలబెట్టి, ఇంజను ఆపకుండా, ఏసీ వేసుకుని గంటలు గంటలు కూర్చుంటే పడుతుంది.

ఎవరితో కూర్చుంటున్నాడు?

నా ఒళ్ళు భగ్గుమంది. ఇంకెవరు, సందు చివరి టైలరమ్మే! ఈమధ్య గుండీ ఊడితే చాలు, నాకు చెప్పకుండా చొక్కా అక్కడికి పట్టుకుపోతున్నాడు. ఆమె నవ్వితే బుగ్గ సొట్ట పడుతుంది. నాకేమో గోళ్ళ నిండా గ్రీజు. కుళ్ళా అంటే, అవును, కుళ్ళే.

"మా అన్నయ్య మొహానికి ఇంకొకతె కూడానా వదినా!" అని షెడ్డులో బిల్లులు రాసే మా ఆడపడుచు పకపకా నవ్వింది.

"నవ్వవే, నవ్వు. నిప్పు లేందే పొగ రాదు."

"పొగ కూడా లేదన్నావుగా ఇందాక!"

దాని నోట్లో గుడ్డ కుక్కాలనిపించింది. వాల్వులు గీకి శుభ్రం చేసి, ఏమీ ఎరగనట్టు కారు అతనికి అప్పగించాను. మర్నాడు సాయంత్రం పెందలాడే షెడ్డు మూసి సందు చివరికి నడిచాను.

టైలరమ్మ ఒక్కతే మిషను తొక్కుతోంది. "మీవారి చొక్కా తీసుకెళ్తారా అక్కా? ఆయన గుమ్మంలోంచి విసిరేసి పోతారు, తీసుకోవడానికి మాత్రం రారు" అంది. చొక్కా చంకన పెట్టుకుని సిగ్గుతో బయటపడ్డాను.

వెనక సందులోకి తిరిగానో లేదో, ప్రహరీ నీడలో మా కారు. ఇంజను నడుస్తూనే ఉంది. లోపల అతనొక్కడే, సీటు వెనక్కి వాల్చి, బూట్లు విప్పి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. అద్దం మీద దబదబా బాదాను.

"ఎవత్తె కోసమయ్యా ఈ కాపలా?"

ఉలిక్కిపడి అద్దం దించాడు. "ఎవత్తీ లేదే. కాసేపు కూర్చున్నా."

"రోజూనా?"

"రోజూ."

"ఇల్లు లేదూ కూర్చోడానికి?"

"ఉంది. గుమ్మంలో కాలు పెట్టగానే ఎక్కడికెళ్ళావు, ఎవరితో మాట్లాడావు, ఫోనెందుకు ఎత్తలేదు అని నువ్వు మొదలెడతావు. అంతకుముందు కాస్త ఊపిరి పీల్చుకుంటా."

టైలరమ్మే అయివుంటే జుట్టు పట్టుకునేదాన్ని. ఉత్త సీటునేం పట్టుకోను? నా చేత్తో దులిపి తుడిచే ఆ సీటంటే నాకు ఎక్కడలేని కుళ్ళూ పుట్టుకొచ్చింది. "ఇంజను ఆపు, ఆయిల్ ఆవిరైపోతోంది" అని మాత్రం అని ఇంటికి నడిచాను.

మరుసటి సాయంత్రం అతను తిన్నగా ఇంటికే వచ్చాడు. ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, కూరగాయలు తరుగుతూ కూర్చున్నాను. బూట్లు విప్పాడు. మంచినీళ్ళు తాగాడు. కుర్చీలో కూర్చున్నాడు, లేచాడు, వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమీ అడగవేం?"

"ఏమడగాలి?"

"ఎక్కడికెళ్ళావని."

నేను ఇంకో వంకాయ అందుకున్నాను. 

"అయితే ఇక నేనెక్కడికి పోయినా నీకు ఒకటేనా?" అన్నాడు.