గిటారులో కాపురమున్న గొంతు

లిఫ్టులు బాగుచేసే ఆయన రోజూ డ్యూటీకి వెళ్ళేముందు గోడకున్న మూడు గిటార్లనూ పలకరించిగానీ చెప్పులు తొడిగేవాడు కాదు. మూడూ లోపల బోలుగా ఉండే పాతకాలం గిటార్లే. ఒక్కోదాని పొట్టమీద వేలికణుపుతో మెల్లగా కొట్టి, గుండ్రటి కన్నం దగ్గర చెవిపెట్టి, ఆ చప్పుడు లోపల సద్దుమణిగేదాకా కళ్ళు మూసుకునేవాడు.

"లోపల చోటుండాలి. చోటున్నచోటే నాదం నిలుస్తుంది," అనేవాడు.

"మా పుట్టింటివాళ్ళొస్తే పడుకోడానికి చోటు లేదుగానీ, మీ నాదానికి మాత్రం మూడు గదులు," అనేది భార్య.

ఆమె బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికొస్తుందో పద్దెనిమిదేళ్ళుగా ఆ ఊరికి చెప్పింది ఆమే. ఆ గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది.

ఇంటికొచ్చిన నాలుగోరోజు ఆయన దిగులుగా పెద్ద గిటారు దించి తీగ మీటాడు.

"స్టవ్ మీద పాలు పొంగుతున్నాయండీ," అంది గిటారు, అచ్చం ఆమె గొంతుతో.

ఆయన పరిగెత్తుకెళ్ళి స్టవ్ కట్టేసొచ్చాడు. గుమ్మంలో నిలబడ్డ ఆమె, ఇంకోసారి మీటమని సైగ చేసింది.

"పోన్లెండి, ఎక్కడికో పోకుండా ఇంట్లోనే ఉంది," అంది పక్కింటావిడ. డాక్టరు గిటారును నాలుగు ప్రశ్నలడిగి, జవాబులు చీటీమీద రాసుకుని, మూణ్ణెల్లకోసారి ముగ్గురూ రావాలన్నాడు.

ఆమె పెదవులు కదపాలి, ఆయన మీటాలి. అప్పుడే మాట. కూరగాయలు బేరమాడాలన్నా ఆయన సెలవు పెట్టాల్సొచ్చేది. చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, బావగారి చేతుల్లోంచే బావగారి మీద చాడీలు ఎలా చెప్పుకుంటామే?" అని వాపోయింది. ఒకరోజు ఆమెకు నిజంగానే ఒళ్ళు మండింది. ఆయన తలొంచుకుని మీటుతూ తనను తానే తిట్టించుకున్నాడు. ఒక్క తిట్టు కూడా మింగలేదు. మధ్యలో ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు కాస్తా ఏడుపైంది.

"మీ మీద అలగాలన్నా మిమ్మల్నే బతిమాలుకోవాలి. ఇదేం బతుకండీ," అంది గిటారు. ఆ మాటా ఆయనే మీటాల్సొచ్చింది.

మర్నాడే ఆమె తనంతట తాను మీటడం మొదలుపెట్టింది. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నట్టే అనిపించి, గిటారును జానెడు దూరంలో, వేడి గిన్నెను పట్టుకున్నట్టు పట్టుకునేది. వేళ్ళు బొబ్బలెక్కాయి. తీగ టింగుమనేదే తప్ప మాట రాలేదు.

ఇంతలో ఆఫీసునుంచి కాగితం వచ్చింది. ఆమెను ఫైళ్ళ గదికి మారుస్తున్నారట. చెప్పుకునేదేమైనా ఉంటే సోమవారం పదింటికి వచ్చి చెప్పుకోవాలట.

"నేనొస్తాగా, దిగులెందుకు?" అన్నాడాయన.

సోమవారం పొద్దున్నే ఆసుపత్రి లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఇద్దరు రోగులు. "నువ్వు పద, వెనకాలే వస్తా," అని ఫోన్ చేశాడు.

పదిన్నరయింది. రాలేదు.

డిపో మేనేజరు మంచావిడే. "నాకూ కష్టంగానే ఉందమ్మా. కానీ ఎన్నాళ్ళని కుర్చీ ఖాళీగా ఉంచను?" అంటూ కాగితం ముందుకు జరిపింది. ఆమె పెన్ను అందుకుంది. పేరులో మొదటి అక్షరం సగం రాసి ఆగిపోయింది. పెన్ను పక్కన పెట్టి, భుజాన తగిలించుకొచ్చిన గిటారు సంచిలోంచి దాన్ని బయటికి తీసింది. అది చేతుల్లోంచి జారబోయేసరికి గబుక్కున రెండు చేతులా గుండెలకు హత్తుకుంది. చెక్క వీపు పక్కటెముకలకు గట్టిగా ఆనింది. బొటనవేలు ఎలా పడిందో తీగలమీద పడింది.

"సంతకం పెట్టను," అంది గిటారు.

ఆ మాట ముందు ఆమె ఎముకల్లో మోగి, ఆ తర్వాత గదిలోకి వచ్చింది. నొప్పి లేదు. వెచ్చగా ఉంది. గిటారును వదలకుండా మళ్ళీ మీటింది. "పద్దెనిమిదేళ్ళలో ఒక్క బస్సు తప్పు చెప్పలేదు మేడమ్. నా కుర్చీ నాకివ్వండి."

మేనేజరు కాగితం వెనక్కి లాక్కుని గడియారం చూసింది. "పదకొండింటి బస్సులకు ఇంకా ఐదు నిమిషాలుంది. వెళ్ళండి మరి, నీళ్ళ సీసా పట్టుకెళ్ళండి... అయినా మీకిప్పుడు నీళ్ళెందుకులే."

ఆయన ఒంటిగంటకు చేతుల గ్రీజు కూడా తుడుచుకోకుండా రొప్పుతూ బస్టాండుకొచ్చాడు. స్పీకర్లలో ఆమె గొంతు వినబడి, ఉన్నచోటే నిలబడిపోయాడు. ఇన్నాళ్ళూ ఆమె మాట్లాడుతుంటే ఆయన కళ్ళు తీగలమీదే ఉండేవి. ఎక్కడ ఆగిపోతుందోనన్న భయంతో సగం మాటలు చెవికెక్కేవే కావు. ఇప్పుడు చేతులకు పని లేదు. ఆ గొంతు వెనకాల గిటారు చెక్క గుమ్మని మోగుతుంటే, ప్రయాణికుల మధ్య నిలబడి ఒక్కో మాటా పూర్తిగా విన్నాడు.

"మూడో ప్లాట్‌ఫాం మీది బస్సు బయల్దేరుతోంది. దయచేసి ఎక్కి కూర్చోండి."

ఆయన ఎక్కి కూర్చున్నాడు.

మూడు స్టాపులు దాటాక కండక్టరు వచ్చి, "ఎక్కడికండీ?" అన్నాడు.

ఆయన కిటికీలోంచి బయటికి చూసి, మళ్ళీ కండక్టరు మొహంలోకి చూశాడు.

"తెలీదండీ," అన్నాడు. "మా ఆవిడ ఎక్కమంది, ఎక్కాను."